ఇల్లు ముందా, మందిరం ముందా: హగ్గయి గ్రంథంలో విధేయత

హీబ్రూ బైబిలులో హగ్గయి గ్రంథం రెండే అధ్యాయాలు, మొత్తం 38 వచనాలు. పాత నిబంధనలో దీనికంటే చిన్నది ఓబద్యా ఒక్కటే. పుస్తకం చిన్నదే అయినా తేదీల విషయంలో ప్రవక్త మహా పట్టుదల మనిషి. ఉన్నవి నాలుగు సందేశాలు, నాలుగింటికీ తేదీ రాసి ఉంది. పారసీక చక్రవర్తి దర్యావేషు ఏలుబడిలో రెండో ఏట, ఆరో నెల మొదటి రోజున పుస్తకం మొదలవుతుంది. తొమ్మిదో నెల 24న ముగుస్తుంది. నేటి క్యాలెండరు ప్రకారం క్రీ.పూ. 520 ఆగస్టు 29 నుంచి డిసెంబరు 18 వరకు. నాలుగు నెలలైనా నిండని ఈ వ్యవధిలో యెరూషలేములోని ఒక చిన్న సమాజం తన పనుల వరుసను తిరగేసుకుంది. దేవుని మాటకు లోబడటం, సొంత సౌఖ్యం కంటే దేవుని పనిని ముందు పెట్టుకోవడం అనేవి బోధల్లో తరచు వినిపించే మాటలే. తేదీలతో సహా జరిగిన సంగతిగా అవి కనబడే చోట్లు మాత్రం తక్కువ. హగ్గయి గ్రంథం అటువంటి చోటు.

క్రీ.పూ. 587లో (586 అని లెక్కగట్టేవారూ ఉన్నారు) బబులోను రాజు నెబుకద్నెజరు సైన్యం యెరూషలేమును పట్టుకుని సొలొమోను కట్టించిన మందిరాన్ని తగలబెట్టింది. ఊళ్ళో పెద్దలను, చేతిపనుల వారిని చెరపట్టి తీసుకుపోయింది. 539లో పారసీకరాజు కోరెషు బబులోనును గెలిచాడు. మరుసటి ఏడు యూదులు స్వదేశానికి వెళ్ళి మందిరం కట్టుకోవచ్చని ఉత్తరువు ఇచ్చాడు. బబులోను శిథిలాల్లో 1879లో బయటపడి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న కోరెషు మట్టి శాసనంలో యూదుల పేరు లేదు. అయితే చెరలో ఉన్న జనాన్నీ వారి దేవతా విగ్రహాలనూ సొంత ఊళ్ళకు పంపించే పద్ధతి అందులో స్పష్టంగా కనిపిస్తుంది. షేష్బజ్జరు అనే అధికారి పాత మందిరపు పాత్రలు వెంట తెచ్చాడు. వచ్చినవారు బలిపీఠం లేపారు, పునాది వేశారు. అక్కడితో పని ఆగింది. ఆ తర్వాత పదిహేనేళ్ళకు పైగా ఆ స్థలం అలాగే పడి ఉంది.

ఎందుకు ఆగింది? ఎజ్రా గ్రంథం చెప్పే కారణం ఇరుగుపొరుగు వారి అడ్డంకి. వారు పనివాళ్ళను బెదరగొట్టారు, రాజ దర్బారులో లంచాలిచ్చి మనుషులను పెట్టారు. హగ్గయి ఆ శత్రువుల ఊసే ఎత్తడు. ఆయన వేలు లోపలివారి మీదే. రెండు గ్రంథాలకూ పొత్తు కుదరదని ఈ తేడా చూపించి వాదించినవారున్నారు. అంత దూరం వెళ్ళనక్కర్లేదు. మొదట పని ఆపింది పొరుగువాడే కావచ్చు. పదిహేనేళ్ళ తర్వాత కూడా ఆగి ఉండటానికి పొరుగువాడు చాలడు, అందుకు ఇంటివారి అలవాటు కూడా తోడవ్వాలి.

మందిరం వద్దని అన్నవారు ఆ సమాజంలో లేరు. అది ఇప్పుడే కాదన్నదే వారి వాదన. న్యాయంగా చూస్తే వాదనలో బలముంది. వర్షాలు లేవు, పంటలు సగానికి పడిపోయాయి. 525లో దర్యావేషుకు ముందటి రాజు కంబిసెస్ ఐగుప్తు మీదికి నడిపిన దండు వెళ్ళింది ఈ ప్రాంతాల మీదుగానే. ఆయన చనిపోయాక 522లో సామ్రాజ్యమంతటా తిరుగుబాట్లు లేచాయి. ఒక్క ఏడాదిలో పందొమ్మిది యుద్ధాలు చేసి తొమ్మిదిమంది రాజులను పట్టుకున్నానని దర్యావేషు బెహిస్తూన్ కొండ మీద చెక్కించుకున్నాడు. అలాంటి రోజుల్లో ముందు నాలుగు గోడలు, నాలుగు గింజలు చూసుకుందాం అనుకోవడం తెలివితక్కువేమీ కాదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న సామెత తెలుగువారిది గాని, ఆ నాటి యెరూషలేము వారి మనసులో ఉన్నదీ అదే. కొందరి దగ్గర శాస్త్రాధారం కూడా ఉండి ఉండవచ్చని పండితుల ఊహ. యిర్మీయా ప్రవక్త డెబ్బై ఏళ్ళ గడువు చెప్పాడు, మందిరం కాలిన నాటి నుంచి లెక్కిస్తే 520 నాటికి అది ఇంకా నిండలేదు. సోమరితనానికి ఇంతకంటే భక్తిగల సాకు దొరకదు.

ఈ వాదనకు హగ్గయి ఇచ్చిన జవాబు ఇళ్ళను చూపించడం. మందిరం పాడుపడి ఉండగా మీరు మాత్రం చెక్కపలకలు తాపిన ఇళ్ళలో ఉండటానికి సమయం వచ్చిందా అని ఆయన నిలదీశాడు. యూదా కొండసీమలో మామూలు ఇల్లంటే రాళ్ళ గోడ, మట్టి పూత, దూలాల మీద కొమ్మలూ మట్టీ పరిచిన మిద్దె. గోడలకో పైకప్పుకో లోపలివైపు పలకలు తాపడం అంతకుముందు రాజులు చేసిన పని. సొలొమోను తన భవనాలకు దేవదారు వాడాడు. యెహోయాకీము కూలి ఎగ్గొట్టి కట్టించుకున్న మేడకు దేవదారు పలకలు వేసి ఎర్రరంగు పూయించినందుకు యిర్మీయా చేత చీవాట్లు తిన్నాడు. చెరనుంచి తిరిగివచ్చి తిండికి కటకటలాడుతున్నామంటున్న జనంలో కొందరి ఇళ్ళకు ఆ హంగు ఎక్కింది. కలప లేదన్న మాట ఇక్కడ వీగిపోతుంది. కలప వచ్చింది, కాని వేరే గుమ్మానికి వెళ్ళింది.

ఇక్కడ గమనించవలసింది హగ్గయి అడగనిది. ఇళ్ళు కూల్చమనలేదు, పలకలు పీకి మందిరానికి మోయమనలేదు. ఉపవాసం ఉండమనీ గోనె కట్టుకోమనీ చెప్పలేదు. సుఖంగా ఉండటం పాపమన్న వైరాగ్యం ఈ గ్రంథంలో ఎక్కడా కనిపించదు. మూడో సందేశంలో ద్రాక్ష, అంజూరం, దానిమ్మ, ఒలీవ పంటలు దీవెనగానే వస్తాయి. తిండీ బట్టా ఉండకూడదని ఆయన అనడు, ఉన్నా తృప్తి లేదని మాత్రమే అంటాడు. ఆయన తప్పుపట్టింది వరుసను.

ఆ వరుస తప్పడాన్ని ఆయన రైతు లెక్కల్లో వివరిస్తాడు. విత్తింది ఎక్కువ, ఇంటికి చేరింది తక్కువ. కూలివాడి జీతం చిల్లుల సంచిలో పడుతోంది. ఇరవై కొలతల కుప్ప అనుకుని వెళితే పదే ఉన్నాయి, గానుగ తొట్టిలో యాభై తోడదామని వెళితే ఇరవైకి మించలేదు. కాటుక తెగులు, బూజు, వడగళ్ళు కూడా జాబితాలో ఉన్నాయి. పేదరికం వల్ల మందిరం ఆగిందని జనం అంటే, మందిరాన్ని ఆపినందువల్లే పేదరికమని హగ్గయి అంటాడు. కారణాన్నీ కార్యాన్నీ ఇలా తిరగేయడం గ్రంథంలో చాలా పదునైన చోటు, చాలా ప్రమాదకరమైన చోటు కూడా. దీన్ని సార్వత్రిక నియమంగా తీసుకుంటే కరవు పడ్డ ప్రతి ఊరూ దేవుని ధిక్కరించినట్టే, పండిన ప్రతి పొలమూ భక్తుడిదే అనాలి. బైబిలులోనే యోబు గ్రంథం ఆ లెక్కను ఒప్పుకోదు. హగ్గయి మాట ఆ ఏట, ఆ కొండల మీద, ఆ జనానికి చెప్పిన మాట. దాన్ని ఊరూరా అంటించడానికి గ్రంథం అధికారం ఇవ్వలేదు.

చందాల సభల్లో హగ్గయి గ్రంథం చదవడం పరిపాటి. కాని గ్రంథం చందా అడగలేదు. కొండెక్కి, కలప తెచ్చి, కట్టండి అన్నంతవరకే ఆజ్ఞ. రాళ్ళు శిథిలాల్లోనే ఉన్నాయి, తొలిచి పేర్చుకోవాలి. లేనిది దూలాలకూ పరంజాకూ కావలసిన మాను. అది యూదా కొండల మీద దొరుకుతుంది, గొడ్డలి పట్టుకుని వెళ్ళాలి. వెండి బంగారాల ప్రస్తావన రెండో అధ్యాయంలో వస్తుంది, అదీ అవి తనవేనని దేవుడు చెప్పడానికి. ఆ మాట తర్వాతి కాలంలో భక్తుల జేబులు తడమడానికి వాడుకోవడం జరిగింది. గ్రంథంలో దాని పని పూర్తిగా వేరు. డబ్బు సంగతి నాకు వదిలి మీరు పని చూడండి అని జనానికి భరోసా ఇవ్వడం. పైగా మొదటి సందేశం ఎవరి పేరిట వచ్చిందో చూడాలి. షయల్తీయేలు కుమారుడైన జెరుబ్బాబెలు, ఆ ప్రాంతపు అధికారి. యెహోజాదాకు కుమారుడైన యెహోషువ, ప్రధాన యాజకుడు. పలకలు తాపిన ఇళ్ళ మాట ఈ ఇద్దరి ఎదుటే మొదట పలికింది. గుడిసెలో ఉన్నవాడి ముందు ఆ మాట చదవడం వృథా, వాడికి అది వర్తించదు.

జనం ఎప్పుడు కదిలారన్నది గ్రంథం తేదీ వేసి చెబుతుంది. మాట వచ్చింది ఆరో నెల మొదటి రోజున, అంటే అమావాస్య వెళ్ళి కొత్త నెల పుట్టిన పండుగనాడు. పని మొదలైంది అదే నెల 24న, సెప్టెంబరు 21న. మధ్యలో మూడు వారాల పైచిలుకు. ఇది ద్రాక్ష, అంజూరం, దానిమ్మ కోతల కాలం, వెనకే ఒలీవ. రైతుకు ఇంతకంటే తీరిక లేని రోజులు ఏడాదిలో కొద్దిగానే ఉంటాయి. పంట సగమే వచ్చిన ఏట ఆ సగాన్నైనా వృథా పోనివ్వకుండా చూసుకోవాలనే ఆరాటం మరీ ఎక్కువ. అటువంటి రోజుల్లో వారు కొండెక్కారు. వాన పడే సూచన ఏదీ అప్పటికి లేదు. దేవుడు తోడున్నాడన్న ధైర్యవాక్యం కూడా వారు లోబడిన తర్వాతే వస్తుంది, ముందు కాదు. మొదటి అధ్యాయం చివర ఈ క్రమం స్పష్టం: విన్నారు, భయపడ్డారు, అప్పుడు తోడు ఉంటానన్న మాట, ఆ తర్వాత మనసుల్లో ప్రేరేపణ. ఉత్సాహం పుట్టాక పని చేద్దామనుకునేవారికి ఈ వరుస నచ్చదు.

రెండో సందేశం వచ్చింది ఏడో నెల 21న, అది పర్ణశాలల పండుగలో ఏడో రోజు. ఇంటి మిద్దె కింద నుంచి బయటికి వచ్చి కొమ్మల పందిట్లో వారం రోజులు గడిపే పండుగ అది. సొలొమోను తన మందిరాన్ని ప్రతిష్ఠించింది కూడా ఏడో నెల పండుగ సమయంలోనే. అందుచేత ఆ రోజున పోలిక తప్పదు. అరవై ఆరేళ్ళ కిందట కాలిపోయిన మందిరాన్ని చిన్నతనంలో చూసిన వృద్ధులు కొందరు ఇంకా బతికి ఉన్నారు. నెల రోజుల పని వారి కంటికి ఏమీ ఆనలేదు. సౌఖ్యం మీద ప్రీతి పనిని మొదలు కానివ్వదు. మొదలైన పనిని చంపేది పాతదానితో పోల్చి పెదవి విరవడం. హగ్గయి ఆ వృద్ధులను తప్పుపట్టలేదు, కొత్త కట్టడం దీటైనదని అబద్ధమూ ఆడలేదు. మీ కళ్ళకు ఇది శూన్యంలా కనబడటం లేదా అని తానే అడిగి, అధికారినీ యాజకుణ్ణీ జనాన్నీ వరుసగా పిలిచి ధైర్యం తెచ్చుకుని పని చేయమన్నాడు.

తొమ్మిదో నెల 24న ఆయన యాజకుల దగ్గరికి ఒక ధర్మసందేహంతో వెళ్ళాడు. ఒకడు బలిమాంసాన్ని చెంగున కట్టుకుని వెళుతుండగా ఆ చెంగు రొట్టెకో, వంటకానికో, ద్రాక్షారసానికో, నూనెకో తగిలితే అవి పవిత్రమవుతాయా? కావన్నారు యాజకులు. శవాన్ని ముట్టుకున్నవాడు వాటిని తాకితే మైల అంటుతుందా? అంటుతుందన్నారు. గుడి కడుతున్నవారికి ఈ ప్రశ్న గుచ్చుకోక మానదు. మందిరపు రాయి మోసినంత మాత్రాన మోసినవాడు పవిత్రుడు కాడు. వాడి మైల మాత్రం రాయికి అంటవచ్చు. మందిరం ఉంది కదా, మనకేం కాదు అని ధీమాగా ఉన్న తరాన్ని యిర్మీయా హెచ్చరించాడు. మందిరం లేకున్నా ఫర్వాలేదన్న తరాన్ని హగ్గయి మందలించాడు. ఇద్దరూ ఎదురెదురుగా మాట్లాడినట్టుంటుంది గాని ఈ ప్రశ్న దగ్గర ఇద్దరి మాటా కలుస్తుంది. ఆ తేదీకి తొలకరి పడి విత్తులు నేలలో ఉంటాయి. కొట్టు ఖాళీ, పొలం పచ్చబడలేదు, చెట్టు కాయలేదు. దీవెన మొదలయ్యే రోజుగా హగ్గయి ఎంచుకున్నది సరిగ్గా ఆ రోజును. కళ్ళతో చూసి నమ్మడానికి అప్పటికి ఏమీ లేదు.

విధేయత అంటే దేవుని కోసం పెద్ద పని తలకెత్తుకోవడమే అన్న అపోహకు విరుగుడు సమూయేలు రెండో గ్రంథంలో ఉంది. దావీదు కూడా తాను దేవదారు ఇంట్లో ఉంటే మందసం డేరాలో ఉందని నొచ్చుకున్నాడు. మందిరం కడతానన్నాడు. హగ్గయి జనంలో లేదన్న స్పృహ దావీదులో నిండుగా ఉంది. అయినా నాతాను ప్రవక్త ద్వారా వద్దన్న మాట వచ్చింది, కట్టడం కొడుకు వంతు అయింది. ఒకరిని కట్టలేదని మందలించడం, ఒకరిని కట్టవద్దని ఆపడం. రెంటిలోనూ అడిగింది ఒకటే, చెప్పినంత చేయడం. దావీదు ఆగడం కూడా జెరుబ్బాబెలు కదలడమంత విధేయతే. సొంత ఉత్సాహాన్ని పక్కన పెట్టడం సొంత సౌఖ్యాన్ని పక్కన పెట్టడం కంటే తేలికని అనుకోవడానికి లేదు.

పని మొదలయ్యాక పై అధికారులు రానే వచ్చారు. యూఫ్రటీసు అవతలి ప్రాంతాధిపతి తత్తెనై ఈ కట్టడానికి ఎవరు సెలవిచ్చారని అడిగాడు. ఈయన కల్పితుడు కాదు, క్రీ.పూ. 502 నాటి ఒక బబులోను మట్టిపలక మీద ఇదే పదవితో ఆయన పేరు ఉంది. రాజుకు లేఖ వెళ్ళి జవాబు వచ్చేవరకూ పని ఆగలేదు. ఎగ్బతానాలో కోరెషు ఉత్తరువు దొరికింది. ఆ ప్రాంతపు శిస్తు నుంచే ఖర్చు ఇవ్వమని దర్యావేషు ఆజ్ఞ. శిస్తు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి గోల్కొండ చెరసాలలో మగ్గిన కంచర్ల గోపన్న కథ తెలిసిన తెలుగు పాఠకుడికి ఈ ఘట్టం ఆసక్తిగానే ఉంటుంది. అక్కడ రాజు చెప్పకముందే ఖర్చయిన శిస్తు, ఇక్కడ రాజే చెప్పి ఇప్పించిన శిస్తు. ఏమైనా యెరూషలేములో సర్కారు డబ్బు వచ్చింది జనం కొండెక్కి మాను తెచ్చాకే. మందిరం దర్యావేషు ఆరో ఏట అదారు నెల మూడో రోజున, క్రీ.పూ. 515 మార్చిలో పూర్తయింది. హగ్గయి ముద్రటుంగరమని పిలిచిన జెరుబ్బాబెలు పేరు ఆ ముగింపు ఉత్సవంలో వినబడదు. ఆయనకేమైందో ఏ గ్రంథమూ చెప్పదు. తర్వాత హేరోదు పెంచి పునర్నిర్మించిన ఆ మందిరం క్రీ.శ. 70 వరకు నిలిచింది, సొలొమోను మందిరం కంటే చాలా ఎక్కువ కాలం.

తెలుగు నేల మీద, దేవుని పని ముందన్న ఈ క్రమం వంటింటి దాకా వచ్చిన సందర్భం ఒకటుంది. 1912లో డోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొంది, భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. ఆయన డయాసిస్‌లో అత్యధికులు కూలిపని మీద బతికే దళిత క్రైస్తవులు. వారిని నగదు కానుక అడిగితే లేదనే జవాబు వస్తుంది. అక్కడి సంఘాల్లో గుప్పెడు బియ్యం అలవాటు బాగా పాతుకుంది. పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం కొలిచేటప్పుడు ఇల్లాలు ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం ఆ కుండ గుడికి వెళుతుంది. అన్నం వండి, అందరూ తిని, మిగిలింది ఇవ్వడం కాదిది. కొలతలోనే తీసేస్తారు. గుప్పెడు తగ్గినందుకు ఆ పూట ఎవరి కంచం ఖాళీ కాదు, కాని దేవుని వంతు ముందు పడుతుంది. హగ్గయి అడిగిన వరుసను ఇంతకంటే సరిగా పట్టుకున్న పద్ధతి పెద్ద పెద్ద చందా పుస్తకాల్లో కనిపించదు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి విషయం కొంచెం వేరు. చార్లెస్ వాకర్ పాస్నెట్ దాన్ని కరవు రోజుల్లో మొదలుపెట్టి, పని చేసినవారికి తిండి దొరికేలా చూశాడు. కరవులో గుడి కట్టడం ఆకలిగొన్నవాడి మీద బరువు మోపడమే కానక్కర్లేదని అది చూపించింది. అయితే అక్కడ ఇచ్చినవాడు ఒకరు, పని చేసినవాడు ఇంకొకరు. గుప్పెడు బియ్యంలో ఇద్దరూ ఒకరే.

యెరూషలేములో ఆ వరుస ఎంతకాలం నిలిచింది? రెండు మూడు తరాలు. మలాకీ ప్రవక్త నాటికి మందిరం నిలిచే ఉంది, బలులూ జరుగుతున్నాయి. కాని బలిపీఠం మీదికి వస్తున్నవి గుడ్డివి, కుంటివి, రోగిష్టివి. ఇంటికి పనికిరాని పశువు గుడికి చేరుతోంది. మీ అధికారికి ఇలాంటిది ఇచ్చి చూడండి, తీసుకుంటాడేమో అని మలాకీ ఎత్తిపొడిచాడు. హగ్గయి నాడు మందిరం లేకపోవడం లోపం, ఇప్పుడు మందిరం ఉండీ మిగులూ తగులూ దానికి పోవడం లోపం. యూదాకు అధికారిగా నెహెమ్యా మొదటిసారి వచ్చింది క్రీ.పూ. 445లో. 433లో పారసీక రాజు దగ్గరికి తిరిగి వెళ్ళి, కొంతకాలానికి మళ్ళీ వచ్చి చూసేసరికి ధాన్యం, సాంబ్రాణి, పాత్రలు, దశమభాగాలు ఉంచే పెద్ద గది ఖాళీ చేయించి ఎల్యాషీబు యాజకుడు అందులో తోబీయాకు కాపురం పెట్టించాడు. తోబీయా అమ్మోనీయుడు, పలుకుబడిగలవాడు, యాజకుడికి బంధువు. రావలసిన భాగాలు రాక లేవీయులూ గాయకులూ కొలువు వదిలి ఎవరి పొలానికి వారు వెళ్ళిపోయారు. నెహెమ్యా తోబీయా సామాను బయట పారవేయించి, గదులు శుద్ధి చేయించి, పాత్రలను మళ్ళీ లోపల పెట్టించాడు. వెళ్ళిపోయినవారిని పిలిపించి వారి వారి స్థానాల్లో నిలబెట్టాడు. యూదా వారు ధాన్యం, ద్రాక్షారసం, నూనెలో పదోవంతు కొట్లకు తెచ్చారు. ఆ కొట్ల మీద షెలెమ్యా అనే యాజకుణ్ణి, సాదోకు అనే లేఖకుణ్ణి, లేవీయుల్లో పెదాయాను, వారికి సాయంగా హానానును నియమించాడు. వారు నమ్మకస్తులని పేరున్నవారు. తోటివారికి ఎవరి వంతు వారికి పంచడం వారి పని.